నాన్న సంతకం పెట్టరు, కౌలుదారు గడప తొక్కరు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఊరు. మా నాలుగెకరాలూ ఎన్నో ఏళ్లుగా ఒకే కుటుంబం కౌలుకి చేస్తోంది. మొన్న సార్వాకి (ఖరీఫ్‌కి) ముందు ఆయన కౌలు కార్డుకి సంతకం అడిగితే, నాన్న "నా పొలం కాజేద్దామనా" అని నలుగురిలో కేకలేశారు. వాళ్లబ్బాయి ఎదురు తిరిగాడు. అప్పట్నుంచి మాటల్లేవు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి ఇప్పుడు ఎదురైనా తల తిప్పుకుంటున్నారు. సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను, ఇద్దర్నీ ఎలా కలపను?

జవాబు: అమ్మా, వెళ్లగానే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసేయాలని చూడకండి. ముందు నాన్నగారిని అడగండి, దేనికి భయమని. అడిగి ఊరుకోండి. కౌలుదారు పేరు కాగితమెక్కితే పొలం పోయినట్టేనన్న బెంగ 1956 కౌల్దారీ చట్టం నాటి నుంచీ మన వైపు పెద్దాళ్లలో ఉన్నదే, దాన్ని చాదస్తం అని కొట్టిపారేస్తే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. ఆయన చెప్పడం అయ్యాకే ఈ కార్డుకి ఆధారమైన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం సంగతి ఎత్తండి: ఆయన సంతకం పెట్టే ఒప్పందం 11 నెలలకే, యాజమాన్య హక్కు జోలికి అది రాదు.

తర్వాత కౌలుదారు ఇంటికి మీరే వెళ్లండి. కబురు పెట్టి పిలిపించుకోవద్దు. పాత చీరలూ గట్రా పట్టుకెళ్లకండి, దయ చూపించడానికి వచ్చినట్టుంటుంది. వాళ్లు టీ ఇస్తే తాగండి, అబ్బాయి కోపంగా మాట్లాడితే మధ్యలో నాన్నని వెనకేసుకు రాకండి. కన్నతండ్రిని అందరి ముందు దొంగంటే మీరైనా ఊరుకుంటారా? కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణం ఆయనకి దొరకడం కష్టం, తుపానుకి చేను నీళ్లలో పడి కంకులు మొలకెత్తినా పరిహారం చాలాసార్లు పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోకే పోతుంది, అప్పు మాత్రం ఆయన నెత్తిన మిగులుతుంది. అది ఆయన నోటితోనే వినండి.

ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇన్నేళ్లలో ఆయన మీ వరండాలో ఎప్పుడైనా కుర్చీలో కూర్చున్నారా, లేక కౌలు బస్తాల లెక్క కూడా మెట్టు దగ్గర నిలబడే చెప్పారా? నాకైతే సంతకం కంటే ఇదే పెద్ద గొడవనిపిస్తోంది.

నాన్నగారు మెత్తబడితే ఆ మాట తప్పని చాటుగా కాదు, అన్నచోటే, అదే నలుగురిలో చెప్పాలి. ఒప్పుకోకపోతే తొందరపెట్టకండి. మీ తరఫున మీరు వెళ్లి క్షమించమని అడగొచ్చు, దానికి నాన్న అనుమతి అక్కర్లేదు. కార్డు విషయం మళ్లీ సార్వా లోపు తేలితే చాలు, టైముంది.