కొండచరియల మ్యాపింగ్: జీఐఎస్ కోర్సా, జియాలజీ డిగ్రీయా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట ఉంది. మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. వయనాడ్ వార్తలు చూసినప్పటి నుంచి కొండచరియలు విరిగిపడే చోట్లకు మ్యాపులు తీసే చదువే చదువుతానంటోంది. అమీర్‌పేటలో మూడు నెలల జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తీసే) కోర్సు ఉందట, చేర్పించమంటారా? కొండలే లేని నల్గొండ పిల్లకు ఆ ఉద్యోగం ఎవరిస్తారు?

జవాబు: కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. అక్కడ నేర్పేది సాఫ్ట్‌వేర్. క్యూజీఐఎస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, పాప ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఆ ఒక్క సర్టిఫికెట్‌తో దొరికేది ఎక్కువగా శాటిలైట్ చిత్రం మీద రోడ్లకూ ఇండ్లకూ గీతలు గీసే పని. అదీ పనే, కాకపోతే పాప అడుగుతున్నది అది కాదు.

వయనాడే చూడండి. 2024 జులై 30 తెల్లవారుజామున కొండ విరిగింది సముద్రమట్టానికి 1,550 మీటర్ల ఎత్తున. బురద, బండలు ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు పారాయి. చూరల్‌మలలో కొట్టుకుపోయిన ఇండ్లు ఏటవాలు మీద ఉన్నవి కావు, కింద ఏటి ఒడ్డున ఉన్నవి. వాలు కొలిచి ఎర్ర రంగు పూసే మ్యాపుకు ఆ ఇండ్లు దొరకవు. మట్టి ఎంత లోతుంది, కింద రాయి ఏమిటి, వాన నీళ్లు ఎటు ఇంకుతాయి, విరిగింది ఎంత దూరం పారుతుంది అన్నవి తెలియాలి. అది జియాలజీ.

ఇంకో చిక్కుంది. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లకు 30 మీటర్లు. మన లెక్కలో సుమారు 1,076 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు ఐదు. ఆ ఐదిండ్లలో ఏది గండంలో ఉందో కంప్యూటర్ చెప్పలేదు. ఊరికి వెళ్లి, వాగు చూసి, ముసలివాళ్లను అడగాల్సిందే.

కాబట్టి దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) జియాలజీ ఉన్న బీఎస్సీకి ఆప్షన్లు పెట్టించండి. ప్రతి కాలేజీలో ఉండదు, హైదరాబాద్ కాలేజీలూ చూడండి. తర్వాత ఎమ్మెస్సీ, అప్పుడు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష. కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వేలో జియాలజిస్ట్ ఉద్యోగాలకు దారి అదే. పోస్టింగ్ హిమాలయాల్లోనో ఈశాన్యంలోనో పడొచ్చు, ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

కొండలు లేవన్నారు గానీ ఈ పని చేసేవాళ్లు మన పక్కనే ఉన్నారు. 147 జిల్లాలతో 2023లో కొండచరియల అట్లాస్ తెచ్చిన ఇస్రో విభాగం ఎన్ఆర్ఎస్సీ హైదరాబాద్ సంస్థే, షాద్‌నగర్‌లో దాని క్యాంపస్ ఉంది. జియలాజికల్ సర్వే దక్షిణాది కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. అన్నట్టు, 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయినప్పుడు పిలిపించినవాళ్లలో ఈ చదువు చదివినవాళ్లూ ఉన్నారు.

అడ్మిషన్లలోపు ఒక పని చెప్పండి. ఇస్రో భువన్ వెబ్‌సైట్‌లో ఎత్తుల డేటా దించుకుని దేవరకొండ ఖిల్లా గుట్టకు వాలు మ్యాపు గీయమనండి. గీసింది చేత్తో పట్టుకుని గుట్ట చుట్టూ తిరగాలి. మనది గ్రానైటు, వయనాడ్ మట్టిలా జారదు. బండ దొర్లితే మాత్రం ఏ ఇంటి మీదికి వస్తుందో చూసి రాసుకోవాలి. తోటలో పని లేని రోజు మీరూ తోడు వెళ్లండి.