ఎండాకాలంలో లాబ్రడార్‌ను నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కి తిప్పొచ్చా? ఇంటికొచ్చాక మల్లె పాదులు తవ్వేస్తుంటే ఏం చేయాలి?

తిప్పొచ్చండీ, పొద్దున పూట మాత్రమే. మే నెలలో మన దగ్గర సూర్యుడు 5:45 ప్రాంతంలో వస్తాడు. ఐదుంబావుకల్లా ఇసుక మీద ఉండి, ఆరున్నరకి వెనక్కి తిరిగేయండి. సాయంత్రం సముద్రపు గాలి మనకి హాయిగానే ఉంటుంది గానీ, పొడి ఇసుకలో పగటి వేడి ఇంకా ఉండొచ్చు. చేతి వెనక వైపు ఇసుకకి ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. ఉంచలేకపోతే కుక్కని దించొద్దు. అలలు తడిపిన గట్టి ఇసుక మీద నడిపిస్తే కాళ్లకీ మంచిది, ఆయాసమూ తక్కువ.

ఎండ కంటే ఉక్కపోతకే ఎక్కువ భయపడాలి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ నాలుక మీది తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఉన్న రోజు ఆ తడి సరిగా ఆరదు. అలాంటి రోజు బంతి విసిరే ఆట వద్దు, నడకే చాలు. నాలుక ముదురు ఎరుపుకి తిరిగి, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలితే అది వడదెబ్బే. నీడకి చేర్చి పొట్ట, తొడల సందులు, పాదాల మీద మామూలు నీళ్లు పోస్తూ విసరండి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, కింద వేడి ఆగిపోతుంది. థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూడండి, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నీళ్లు పోస్తూనే పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

ఇంటి నుంచి కనీసం అర లీటరు మంచినీళ్లు, వెడల్పు గిన్నె పట్టుకెళ్లి పావుగంటకోసారి పెట్టండి. దాహం వేస్తే లాబ్రడార్ ఉప్పునీళ్లే తాగేస్తుంది. కాసిని తాగితే విరేచనాలతో సరిపోతుంది. ఎక్కువ తాగి వాంతులు, వణుకు మొదలైతే ఆలస్యం చేయకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసే చోట తెగిన వల పోగులు, గాలాలు పడి ఉంటాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఉబ్బుడు చేపలు (పఫర్ ఫిష్) విషం, మూతి పెట్టనివ్వొద్దు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అందుకని తాడు విప్పకుండా నడిపించడమే మేలు.

ఇంటికి రాగానే ఉప్పు కడిగేయాలి. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు సలసలా కాగి ఉంటాయి, అవి పక్కకి పోనిచ్చి తర్వాత కుక్క మీద పట్టండి. వేళ్ల సందుల్లో ఇసుక ఉండిపోతే నాకి నాకి పుండు చేసుకుంటుంది. ఆ చేత్తోనే చెవుల లోపల పిడుదులున్నాయేమో చూడండి. కడిగిన నీళ్లు మల్లెకీ నిమ్మకీ పోనివ్వకుండా కొబ్బరి మొదట్లోకి మళ్లించండి, కొబ్బరి ఉప్పుకి తట్టుకుంటుంది. మీ బోరు నీళ్లే ఉప్పగా ఉంటే నిమ్మ ఆకుల అంచులు మాడి, కుండీ మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అలాంటి కుండీకి రోజూ చెంబెడు పోసే కన్నా, అడుగు రంధ్రం నుంచి కారేదాకా మంచినీళ్లు ఒకసారి నిండుగా పోస్తే ఉప్పు కిందికి దిగిపోతుంది.

ఇక మల్లె పాదుల సంగతి. పొద్దున నీళ్లు పోసిన పాదు కంటే చల్లటి చోటు తోటలో దానికి దొరకదు, అందుకే తవ్వుతుంది. కొడితే మానదు. వేప నీడలో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి ఇసుక నింపి, మిట్టమధ్యాహ్నం లోపు రెండు బకెట్ల నీళ్లు చల్లండి. మొదట్లో దాని బొమ్మనో బిస్కట్టునో అందులో పూడ్చితే అదే తవ్వుకుని పడుకుంటుంది. మల్లె మొదళ్ల చుట్టూ మట్టి కనబడకుండా పిడికెడంత రాళ్లు పేర్చండి. పక్కన కొబ్బరి మట్టల కుప్ప ఉంచొద్దు, ఈ ఎండలకి చల్లదనం వెతుక్కుంటూ పాములు చేరతాయి.

ఎరువు విషయంలో మాత్రం రాజీ వద్దు. ఆముదం పిండి కుక్క ఉన్న ఇంట్లో వాడకూడదు. రిసిన్ అనే విషం అందులో మిగిలి ఉండొచ్చు, పైగా ఆ వాసనకి కుక్కలు తవ్వుకుని మరీ తింటాయి. తిన్న వెంటనే ఏమీ తెలియదు, గంటలు గడిచాక వాంతులు, రక్తవిరేచనాలు. వేపపిండి కొనేటప్పుడూ ఆముదం కలిపారేమో సంచి మీద చదవండి. ఎముకల పొడి వేసినా తవ్వుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు, ఎడారి గులాబీ గుండెకి ప్రమాదం, కత్తిరించిన కొమ్మలు కూడా అందుబాటులో పారేయొద్దు. మజ్జిగ ఇస్తే ఉప్పు, ఉల్లిపాయ లేకుండా పలచగా ఇవ్వండి. మామిడి చెట్టుంటే రాలిన కాయలు పొద్దున్నే ఏరేయండి. టెంక మింగితే పేగులో అడ్డుపడుతుంది. తిండి మానేసి పదే పదే కక్కుతుంటే టెంక సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.