కింది ఫ్లాటులోకి నీళ్లు దిగితే ముందు ఎవరి తలుపు తట్టాలి?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి అమెరికా వచ్చి మూడు నెలలైంది. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మొన్న అత్తయ్యగారు బకెట్ పెట్టుకుని స్నానం చేస్తే కిందివాళ్ల సీలింగ్ తడిసిందట. వాళ్లు మాతో ఒక్క మాటా అనలేదు, ఫ్లాట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. వాళ్లూ మేమూ వెళ్లేది ఒకే చర్చి. ఆదివారం మొహం ఎలా చూపించాలి?

జవాబు: ఆదివారం దాకా ఆగకండమ్మా, ఇవాళే వెళ్లి తలుపు తట్టండి. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాట సరిగ్గా ఇలాంటి రోజు కోసమే.

అరండల్‌పేటలో అయితే కింది వాటా పిన్నిగారు తలెత్తి ఒక కేక వేసేవారు, మీరు "అయ్యో" అంటూ దిగేవాళ్లు, అక్కడితో అయిపోయేది. ఇక్కడ కేకలుండవు. రిపేరు చేయించేది ఆఫీసు కాబట్టి ముందు ఆఫీసుకి రాసి పెడతారు. దాన్ని మీ మీద పితూరీ అనుకుని మనసు కష్టపెట్టుకోవద్దు.

సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య వెళ్లండి. ఏం జరిగిందో చెప్పి, సారీ చెప్పి, మళ్లీ జరగకుండా ఏం చేశారో చెప్పండి. మన ఊళ్లో బాత్రూంలు ఎలా ఉంటాయో వివరిస్తూ కూర్చోకండి, వాళ్ల చెవికి అది సాకులా వినపడుతుంది. ఇంట్లో లేకపోతే పేరు, ఫ్లాటు నంబరు, ఫోను రాసిన చీటీ తలుపుకి అంటించండి. మెయిల్‌బాక్సులో మాత్రం వేయకండి, స్టాంపు లేని కాగితం అందులో వేయడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. తినేదేదైనా పట్టుకెళ్తే అందులో వేరుశనగ, జీడిపప్పు ఉన్నాయో లేదో పైన రాయండి. ఇక్కడ కొందరికి పల్లీల ఎలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది.

డబ్బు దగ్గర ఒక జాగ్రత్త. జరిగింది దాచకుండా చెప్పడం మీ ధర్మం. "ఎంతైనా నేనే కడతాను" అనడం మాత్రం మీరు చేయాల్సిన పని కాదు. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ల బీమా) ఉంటే ఇవాళే ఫోన్ చేయండి, చాలా లీజులు లక్ష డాలర్ల లయబిలిటీ కవరేజీ, అంటే మీ వల్ల ఇతరులకి జరిగే నష్టానికి బీమా, అడిగేది ఇందుకే. నష్టం ఎంతో బీమావాళ్లు తేలుస్తారు. ముందే మాట ఇచ్చేస్తే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

అసలు నీళ్లు ఎందుకు దిగాయి? మన బాత్రూం నేల తూము వైపుకి వాలుగా ఉంటుంది, బకెట్టెడు నీళ్లు పోసినా పోతాయి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి నేల మీద తూమే లేదు. పైన టైలో వినైలో కనిపించినా చాలాచోట్ల దాని కింద ప్లైవుడ్, చెక్క దూలాలు, ఆ కింద జిప్సం బోర్డు సీలింగ్. నాలుగు చెంబులు టబ్బు బయట పడ్డాయంటే అంచుల్లోంచి ఇంకి కిందివాళ్ల లైటు దగ్గర చుక్క తేలుతుంది. షవర్ కర్టెన్ కింది అంచు టబ్బు బయట వేలాడినా ఇదే జరుగుతుంది, లోపలికి వేయాలి.

ఈసారి టాయిలెట్ నీళ్లు పొంగితే ముందు వాల్వు కట్టండి. టాయిలెట్ వెనక నేలకి దగ్గరగా చిన్న గుండీ ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితే నీళ్లు ఆగుతాయి. ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ నేల మీద పరవండి. వెంటనే కిందికి పరుగెత్తి, తడి తగిలిన లైటు స్విచ్చి ముట్టుకోవద్దని వాళ్లకి చెప్పండి, ఆ తర్వాతే ఆఫీసు ఎమర్జెన్సీ నంబరు. తడి 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది, అందుకే తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. డిష్‌వాషర్‌లో గిన్నెలు తోమే సబ్బు పోసినా నురుగు పొంగి ఇదే తంటా. దాని సబ్బు వేరు.

తాలింపు సంగతీ చెప్పాలి. స్టవ్ మీది ఫ్యాను చాలా ఇళ్లలో పొగని బయటికి పంపదు, ఫిల్టరు గుండా మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఎండుమిర్చి మాడి అలారం మోగితే కిటికీలు తెరవండి, కారిడార్ తలుపు తెరవకండి. పొగ అక్కడికి పాకితే బిల్డింగంతా మోగి పసిపిల్లలతో సహా అందరూ మెట్లు దిగాల్సి వస్తుంది. బ్యాటరీ పీకేయడం మహా పొరపాటు, అలారం మీద మోత ఆపే హష్ మీట నొక్కితే చాలు.

రేపు పొరపాటు అవతలివాళ్లది కావచ్చు. పైవాళ్ల పిల్లలు రాత్రి పదకొండింటికి గెంతుతుంటే మత్తయి 18లో ఉన్న వరుస పాటించండి. ముందు మీరొక్కరే వెళ్లి నెమ్మదిగా చెప్పాలి. రెండుసార్లు చెప్పినా వినకపోతే తేదీ, టైము రాసి ఆఫీసుకి. పోలీసుల నాన్‌ఎమర్జెన్సీ నంబరు ఆఖర్న. చప్పుడుకి అత్యవసర నంబరు 911 చేయకూడదు. చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమన్నాడు పౌలు. ఆ చేతనైనంత చేసి చూశాకే ఆఫీసు గడప.

ఇక అత్తయ్యగారు. ఆవిడ ఈపాటికి కుమిలిపోతూ ఉంటారు. తప్పు ఆవిడది కాదు, తూము లేదని ఎవరూ చెప్పలేదంతే. ఆ మాట మీ నోటితో ఆవిడకి చెప్పండి. బకెట్టూ చెంబూ తీసేయకండి, బకెట్‌ని టబ్బు లోపల పెట్టండి. అడుగున జారని మ్యాటు, పక్కన కాళ్లకి రబ్బరున్న షవర్ స్టూలు. టబ్బు గోడ మోకాలెత్తు ఉంటుంది, దాటేటప్పుడే పెద్దవాళ్లు పడతారు, మొదటి నాలుగు రోజులు చెయ్యి అందించండి. గోడకి సక్షన్‌తో అంటించే పిడులు ఒంటి బరువు ఆపవు. స్క్రూలతో బిగించే పిడి కావాలని ఆఫీసుని అడగండి.