మాట చెల్లేవారు వదిలేసిన కుళాయి

ప్రశ్న: స్తోమత ఉన్నవారు ఇంట్లో శుద్ధి యంత్రం పెట్టుకుంటున్నారు, లేనివారు నీళ్లు కాచుకుని తాగవచ్చు. అలాంటప్పుడు మంచినీటి సరఫరా మీద ఇంత ప్రజాధనం వెచ్చించడం అవసరమా? – ఒక పాఠకురాలు

జవాబు: కాచితే క్రిములు చస్తాయి గాని సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ పోవు, పైగా ఇంధనం ఖర్చు పేద ఇంటికే ఎక్కువ భారం. రోజుకు గంటా రెండు గంటలే నీళ్లు వదిలే చోట, సరఫరా ఆగి పీడనం పడిపోయినప్పుడు పైపుల పగుళ్ల గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది కనుక, మొదట వచ్చే నీళ్లు రంగు మారి వాసన వేస్తాయి. ఇంట్లో తొట్టి నిండా నిల్వ ఉన్నవారు వాటిని పారబోసి ఆగగలరు. వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడిన మనిషి ఆ మొదటి బిందెను కూడా వదులుకోలేదు.

అయితే అసలు నష్టం మరోచోట ఉందని నా అభిప్రాయం. మాట చెల్లేవారు కుళాయి నీళ్లు మానేశాక, వాటి గురించి గట్టిగా నిలదీసేవారు ఉండరు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో, ఎన్నికైన పాలకుల అధికారాలు రాష్ట్రం నియమించిన నిర్వాహకుడి చేతిలో ఉన్న రోజుల్లో, ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో స్థానిక నది నీటికి మారారు. పైపులు తినేయకుండా కలపవలసిన రసాయనాన్ని కలపకపోవడంతో సీసం తాగునీటిలో చేరింది. విడిభాగాలు తుప్పు పడుతున్నాయని అదే ఏడాది అక్టోబరులో అక్కడి కార్ల ఇంజన్ల కర్మాగారం వేరే సరఫరాకు మారిపోయింది. ఇనుమును తినేసే ఆ నీళ్లే నగర ప్రజలకు, వారిలో పసిపిల్లలున్న ఎన్నో పేద నల్లజాతి కుటుంబాలకు, మరో ఏడాది పాటు వచ్చాయి. వారు మొదటి నెలల నుంచీ మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

ఇది ఈనాటి జబ్బు కాదు. ఓటు ఆస్తిపరులకే పరిమితమైన జర్మనీ నగరం హాంబర్గ్‌లో తాగునీటి వడపోత ఖర్చు ఎవరు భరించాలన్న తగవు ఏళ్ల తరబడి సాగి, 1892లో కలరాకు ఎనిమిది వేల మందికి పైగా బలయ్యారు. ఆనుకుని ఉన్న ఆల్టోనా పట్టణం, హాంబర్గ్ మురుగు కలిసిన ఎల్బే నది నీటినే దిగువన తోడుకున్నా, ఇసుకలో వడకట్టినందున చాలావరకు తప్పించుకుంది.

కనుక ఆ ఖర్చు అవసరమే. మీ ఇంట్లో యంత్రం ఉన్నా సరే, సరఫరా గొట్టం చిట్టచివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగులుతోందా, ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ ఫలితాన్ని ఎక్కడ చూడవచ్చు అని రాతపూర్వకంగా అడగండి. ఆ కుళాయి మీదే ఆధారపడినవారి అర్జీ కంటే మీ అర్జీకి త్వరగా జవాబు వస్తుంది.