“దేవుడు నాతో మాట్లాడాడు” అంటారు కదా, నిజంగా గొంతు వినిపిస్తుందా?

క్రైస్తవులు ఏదైనా నిర్ణయం తీసుకున్నప్పుడల్లా “ప్రభువు నాతో మాట్లాడాడు” అంటారనీ, అది చెవికి వినపడే మాటా లేక వాళ్ల మనసులో ఉన్నదేనా అనీ మీరు అడిగారు. నేను పుట్టింది, పెరిగింది సంఘంలోనే. నలభై ఏళ్లు దాటాయి. ఇంతవరకు నా చెవికి ఆకాశం నుంచి ఏ గొంతూ వినపడలేదు. అయినా దేవుడు మాట్లాడతాడని గట్టిగా నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో చెప్పాలంటే 1996 తుపాను దగ్గర మొదలుపెట్టాలి.

మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. నవంబరు 6, బుధవారం. నాకు పదకొండేళ్లు. మధ్యాహ్నం నుంచే గాలి మొదలైంది. చీకటి పడేసరికి ఇంటి పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే మా నాన్న మా అందరినీ స్కూలు బిల్డింగులోకి తీసుకెళ్లిపోయాడు. ఊళ్లో స్లాబు ఉన్నవి రెండో మూడో. ఒక గదిలో వందమంది. గాలి ఒక దిక్కు నుంచి కొట్టి కొట్టి ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకుని కొందరు బయటికి వెళ్లబోతే మా మామ్మ అరిచింది, “ఆగండి, ఎదురుగాలి వస్తది” అని. అన్నట్టే వచ్చింది. తెల్లారి చూస్తే మా చుట్టుపక్కల కొబ్బరి చెట్లన్నీ ఎవరో చేత్తో దువ్వినట్టు ఒకే పక్కకి పడి ఉన్నాయి. నిలబడినవాటికి మొవ్వు లేదు. చాలా రోజులు కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. పడిపోయిన చెట్ల బొండాలే తాగాం.

మామ్మకి చదువు రాదు. బైబిలు మాత్రం ఆమెదే. రోజూ రాత్రి లాంతరు దగ్గర నాచేత చదివించుకునేది, ఒక్క అధ్యాయం కూడా దాటేయనిచ్చేది కాదు. పేర్ల పట్టికలు వచ్చినా సరే, “అవి కూడా ఆయన రాయించినవే, చదువు” అనేది. తుపానుకి ముందు దాన్ని సంచిలో పెట్టి దూలానికి కట్టింది. పెంకులే ఎగిరిపోయాక దూలం దగ్గర ఏం మిగులుతుంది? సంచిలోనే నానిపోయింది. మూడు రోజులు అరుగు మీద ఎండబెట్టి, అంటుకుపోయిన పేజీల మధ్య చీపురు పుల్ల దూర్చి, ఒక్కొక్క పేజీ చిరగకుండా నాచేత విడదీయించింది. ఇప్పుడది నా దగ్గరే ఉంది. ఉబ్బిపోయి అట్ట మూసుకోదు.

మా పక్కింట్లో ఒకామె ఉండేది, నేను పిన్ని అనేవాణ్ణి. వాళ్లాయన సముద్రం ఒడ్డున ఉన్న భైరవపాలెం వైపు రొయ్య సీడు, అంటే రొయ్య పిల్లల్ని, పట్టడానికి వెళ్లాడు. ఆ రోజుల్లో సీడుకి మంచి ధర ఉండటంతో ఎక్కడెక్కడి వాళ్లో అక్కడికి వెళ్లేవారు. ఆయన తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఇద్దరు చిన్నపిల్లలు.

మూడు వారాలకి ఊళ్లో టెంటు వేసి కూడిక పెట్టారు. బయట నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మైకు పట్టుకుని, “ఈ గాలి దేవుడి స్వరం. మీ పాపాల గురించి ఆయన ఈ ఊళ్లతో మాట్లాడాడు, విననివాళ్లని తీసుకుపోయాడు” అన్నాడు. నేను పిన్ని పక్కనే కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. చిన్నదాన్ని చంకనేసుకుని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె పొయ్యి వెలగలేదు. పిల్లలు మా ఇంట్లో తిన్నారు, ఆమె రాలేదు.

మూడో రోజు సాయంత్రం మామ్మ ఒక పళ్లెంలో అన్నం, పప్పుచారు పెట్టుకుని, నాచేత బైబిలు పట్టించుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మామ్మ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. “ఒరే అబ్బాయ్, ఏలీయా చెట్టు కింద పడుకున్నది తియ్యి” అంది.

బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం అది. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతానంటాడు. బదరీవృక్షం అంటే రేగు చెట్టని మామ్మకి ఎవరో చెప్పారు, అందుకని నన్ను రేగు చెట్టు అనే చదవమనేది. అలాంటి మనిషి దగ్గరికి దేవదూత వచ్చి చెప్పిన మొదటి మాట “నీవు లేచి భోజనము చేయుము.” గద్దింపు లేదు, పాపాల లెక్క లేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, ఒక బుడ్డి నీళ్లు. అతను తిని మళ్లీ పడుకుంటే రెండోసారి వచ్చి తట్టి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం నీకు సిద్ధంగా ఉంది, లేచి తిను అంటాడు. నేను అక్కడిదాకా చదివాక మామ్మ ఆపమని చెయ్యి చూపించి, పళ్లెం పిన్ని ముందుకి జరిపింది. “తినమ్మాయ్” అంది, అంతే.

పిన్ని తినలేదు. “ఇంకా చదవరా” అంది.

హోరేబు కొండ దగ్గరికి వచ్చాను. కొండలు బద్దలయ్యేంత పెనుగాలి లేచిందట. “యెహోవా ఆ గాలి దెబ్బయందు ప్రత్యక్షము కాలేదు” అని ఉంది. పేజీ మరకలు పడి ఉంది, నేను తడుముకుంటూ చదివాను. పిన్ని మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. తర్వాత భూకంపం, దానిలోనూ ఆయన లేడు. మెరుపు, దానిలోనూ లేడు. అదంతా అయ్యాక “మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము.” అప్పుడు పిన్ని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. లాంతరు వెలిగించాక పళ్లెం దగ్గరికి లాక్కుని తింది. చల్లారిపోయిన అన్నం.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. వేదాంతంలో దేవుడు తనను తాను తెలియపరచుకోవడాన్ని ప్రత్యక్షత అంటారు. సృష్టి ద్వారా అందరికీ తెలిసేది ఒకటి, ప్రవక్తల ద్వారా, లేఖనాల ద్వారా, చివరికి క్రీస్తు ద్వారా వచ్చింది ఇంకొకటి. ఈ తేడా పుస్తకాల్లో చదివితే నాకు ఎప్పుడూ బుర్రకెక్కలేదు. గోదావరి ఒడ్డున ఉండబట్టి అర్థమైంది. తెల్లవారుజామున సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు వెళ్తుంటే, గోదావరి వశిష్ట పాయ మీద వెలుగు పరుచుకుంటుంటే, దేవుడు లేడు అనడానికి నాకైతే నోరు రాదు. 19వ కీర్తన చెప్పేది అదే: ఆకాశాలు దేవుని మహిమను వివరిస్తున్నాయి, కానీ వాటికి భాష లేదు, మాటలు లేవు. ఆ మాటలు లేకపోవడమే అసలు సంగతి. ఇదే గోదావరి 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులతో వచ్చి లంకల్ని ముంచేసింది. నదిని చూసి దేవుడు గొప్పవాడని చెప్పొచ్చు. ఆయనకి నేనంటే ఇష్టమో కాదో నదిని చూసి చెప్పలేం. ఆ సంగతి ఆయనే నోరు విప్పి చెప్పాలి. బైబిల్లో హెబ్రీయులకి రాసిన పత్రిక, అంటే ఉత్తరం, దాని మొదటి వాక్యమే అది: పూర్వం నానా విధాలుగా ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు ఈ దినాల అంతంలో కుమారుని ద్వారా మాట్లాడాడు. కేథలిక్కులు కూడా 1965లో రెండో వాటికన్ మహాసభలో ఈ విషయం మీదే ఒక పత్రం వెలువరించారు. దేవుడు మనుషులతో స్నేహితులతో మాట్లాడినట్టు మాట్లాడతాడని అందులో ఉంది. మాది ఆ సంఘం కాదు, అయినా ఆ మాట నాకు చాలా ఇష్టం.

కాబట్టి ఎవరైనా “ఇది దేవుడి మాట” అంటే నేను చూసేది ఒక్కటే, అది యేసు ప్రభువు నోట వచ్చే మాటలా ఉందా? ఆ టెంటులో ప్రసంగీకుడు చెప్పింది అలా లేదు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదు అన్నాడు. లూకా 13లో ఉంది. మీరందరూ మారుమనస్సు పొందండి అని కూడా అన్నాడు, అది నిజమే. అయితే ఆ మాట బతికున్నవాళ్లతో అన్నాడు, చచ్చిపోయినవాళ్ల మీద వేయలేదు. మరి బైబిల్లో ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబుతో దేవుడు సుడిగాలిలో నుంచే మాట్లాడాడు కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. మాట్లాడాడు, నష్టపోయిన యోబుతోనే మాట్లాడాడు. నీ కష్టానికి కారణం ఇదీ అని యోబుకి వివరించిన స్నేహితుల మీద మాత్రం ఆయనకి కోపం వచ్చింది. పుస్తకం చివరి అధ్యాయం చూడండి.

ఈ విషయంలో నాకు మంట ఎక్కువ, దానికి కారణం ఉంది. మా బాబాయి కొడుకుని గల్ఫ్ పంపాలనుకున్నప్పుడు ఒకాయన ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, ప్రభువు తలుపు తెరిచినట్టు దర్శనం వచ్చింది, ఆలస్యం చేయొద్దు అన్నాడు. బాబాయి నలభై సెంట్ల కొబ్బరి తోట అమ్మి ఏజెంటుకి కట్టాడు. వీసా దొంగది. మళ్లీ ఆయన్నే అడిగితే “మీ విశ్వాసం చాల్లేదు” అన్నాడు. తోట పోయిన బాధ కంటే ఆ మాటకే బాబాయి ఎక్కువ కుంగిపోయాడు, చర్చికి రావడం మానేశాడు. మాట తప్పినప్పుడు ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, వాడికి భయపడొద్దు అని ద్వితీయోపదేశకాండం 18లో స్పష్టంగా రాసి ఉంది. ఇద్దరు ముగ్గురు ప్రవచిస్తే మిగతావాళ్లు వివేచించాలని, అంటే అది నిజమో కాదో పరీక్షించాలని, అపొస్తలుడు పౌలు కొరింథీయులకి రాశాడు. మన దగ్గర వివేచించే కుర్చీలో ఎవరూ కూర్చోరు. మైకు ఒక్కటే ఉంటుంది.

యిర్మీయా 42వ అధ్యాయం ఎవరైనా ప్రసంగించగా నేను వినలేదు. ప్రజలు యిర్మీయా ప్రవక్త దగ్గరికి వచ్చి మేం ఎక్కడికి వెళ్లాలో దేవుణ్ణి అడిగి చెప్పమంటారు. పది రోజుల తర్వాత యెహోవా వాక్కు అతనికి వచ్చింది. పది రోజులు! యిర్మీయా అంతటివాడు పది రోజులు ఏమీ చెప్పకుండా ఆగాడు. ఈ రోజుల్లో ఫోన్ చేసి పేరు చెబితే రెండు నిమిషాల్లో ప్రవచనం వస్తుంది. డిసెంబరు 31 రాత్రి చర్చిలో ఒక బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకుని ఏడాదంతా అదే పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లని నేను తప్పుపట్టను, మా ఆవిడా తీసుకుంటుంది. ఆ ఒక్క వాక్యానికి ముందు ఏముంది, తర్వాత ఏముంది అని బైబిలు తెరిచి చూడకపోవడమే నాకు బాధ. మామ్మ పేర్ల పట్టికలు కూడా వదలనిచ్చేది కాదు. అందుకే ఆ రోజు ఏ పేజీ తీయాలో ఆమెకి తెలిసింది. చదువురాని మనిషికి బైబిలంతా చెవుల్లో ఉంది. వాక్యం రోజూ వినకుండా, అవసరం వచ్చిన రోజున దేవుడు మాట్లాడాలంటే ఏ మాటలతో మాట్లాడతాడు?

ఆ మాటలు మన భాషలోకి రావడానికి కూడా మనుషులు కష్టపడ్డారు. 1818లో బెంగాల్లోని శ్రీరాంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ కుటుంబాలు వచ్చి నరసాపురం ప్రాంతంలో తెలుగు నేర్చుకుని సువార్త చెప్పారు. దేవుడు తలచుకుంటే నేరుగా చెప్పలేడా? చెప్పగలడు. అయినా మనిషిని పంపుతాడు. బైబిల్లో సమూయేలుని పిలిచినప్పుడు కూడా ఆ పిల్లాడు మూడుసార్లు యాజకుడు ఏలీ పిలిచాడనుకునే లేచి పరుగెత్తాడు. దేవుడి పిలుపు అని గుర్తుపట్టి చెప్పింది చూపు మందగించిన ఆ ముసలాయనే.

ఇంకొకటి. ఇప్పుడు వాడుక భాషలో కొత్త అనువాదాలు వస్తున్నాయి, మంచిదే, మా పిల్లలు అవే చదువుతారు. “నిమ్మళముగా” అన్న మాట మాత్రం తీసేయకుండా ఉంటే బాగుండు. మా వైపు జ్వరం తగ్గితే నిమ్మళించింది అంటాం. ఆ స్వరం ఎలా ఉంటుందో మాకు ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

మామ్మ పోయి పదిహేనేళ్లు దాటింది. పిన్ని పిల్లలిద్దర్నీ పెంచి పెళ్లిళ్లు చేసింది. ఆ మధ్య ఊరికి వెళ్లినప్పుడు వాళ్ల అరుగు మీద కూర్చుని మీరు అడిగినట్టే అడిగాను. “పిన్నీ, సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఆ రోజు దేవుడు నాతో మాట్లాడాడు అంటావు కదా, నీకు నిజంగా గొంతు వినిపించిందా?”

ఆమె నా వైపు వింతగా చూసింది. “వినపడకపోవడమేంట్రా, చదివింది నువ్వే కదా” అంది.