సమాధానం: టీమ్ లీడ్ అయ్యాక కూడా నేర్చుకోవడానికి టైమ్ తీసుకోవచ్చా?

లీడ్ అయినప్పటి నుంచి రోజంతా మీటింగులే, కొత్త టూల్స్ జూనియర్లకే బాగా తెలుసు, కోర్సులో చేరితే టీమ్ పని పక్కన పెట్టినట్టవుతుందేమో అని రాశారు. నిస్సంకోచంగా చేరండి. గడువు ఎంత ఇవ్వాలి, ఎవరిని తీసుకోవాలి, ఏ డిజైన్ ఒప్పుకోవాలి అన్నవి మీరే తేలుస్తారు కదా. మీకు తెలిసింది పాతబడితే ఆ నిర్ణయాల భారం మోసేది టీమే. రాత్రిళ్లు కూర్చుని సర్దాల్సింది వాళ్లే.

ఎరిక్ ష్మిట్ 2001లో గూగుల్ సీఈఓ అయ్యాక, బోర్డు సభ్యుడు జాన్ డోర్ ఆయన్ని కోచ్‌ను పెట్టుకోమన్నారు. అంత అనుభవం ఉన్న తనకెందుకని ష్మిట్‌కు మొదట నచ్చలేదు. తర్వాత, తనకు అందిన గొప్ప సలహా అదేనని ఆయనే చెప్పారు. మన పని తీరు మనకు బయట నుంచి కనబడదు, అందుకే ఇంకొకరు కావాలి.

అయితే టూల్స్‌లో జూనియర్లతో పోటీ పడకండి. వాళ్ల పనిని అర్థం చేసుకుని సరైన ప్రశ్న అడగగలిగితే చాలు. దానికి వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి, అడగడం నామోషీ కాదు. కోర్సు మాత్రం మీ అసలు పనికి తీసుకోండి: ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం, పని అప్పగించడం, గొడవలు తేల్చడం. ఏది ముందో టీమ్‌నే అడగండి, "నేను ఏది మార్చుకుంటే మీ పని తేలికవుతుంది?" అని.

వారంలో నేర్చుకునే గంటలను అందరికీ కనిపించేలా క్యాలెండర్‌లో పెట్టండి. ఆ టైమ్‌లో చిన్న నిర్ణయాలు ఒక సీనియర్‌కు అప్పగించండి, అతనికీ అది ట్రైనింగే.