మోటర్‌హోమ్ గ్యాస్ లాకర్‌లో బ్యాటరీ, లైటు పెట్టవచ్చా?

ఇంగ్లండ్‌లో పాత మోటర్‌హోమ్ (లోపలే వంట, పడక ఉండే బండి) కొన్నానని, గ్యాస్ లాకర్‌లో, అంటే బయటి నుంచి తలుపు తీసి గ్యాస్ బండలు పెట్టే అరలో, రెండో బండ పట్టే చోటు ఖాళీగా ఉందని రాశారు. అక్కడ ఇంకో బ్యాటరీ, ఇన్వర్టర్ బిగించవచ్చా, రాత్రిపూట బండ మార్చుకోవడానికి తలుపు తీయగానే వెలిగే చిన్న లైటు పెట్టవచ్చా అని అడిగారు. వద్దండీ. మూడింటిలో ఒక్కటి కూడా వద్దు. లైటే కదా, అదేం చేస్తుందని అనిపిస్తుంది. నన్ను భయపెట్టింది అలాంటి లైటే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది 2006 నాటి ఫియట్ డుకాటో బండి. 2018లో ఒకరి దగ్గర వాడినదే కొన్నాం. ఆ అక్టోబరు బడి సెలవుల్లో రెడింగ్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళాం. కెజిక్ దగ్గర క్యాంప్‌సైట్‌కు చేరేసరికి చీకటి పడింది, వాన పడుతోంది. వెళ్ళేముందు రోజు నేనే కొత్త ప్రొపేన్ బండ తగిలించాను. అన్నం వండుకుందామని బయటికి వచ్చి లాకర్ తీసి బండ వాల్వ్ తిప్పాను. లోపల స్టవ్ సరిగ్గా అంటుకోవడం లేదని మా ఆవిడ పిలిస్తే, పది నిమిషాల తర్వాత మళ్ళీ లాకర్ తలుపు తీశాను. తీయగానే లోపల బల్బు వెలిగింది, అదే క్షణంలో ఘాటైన వాసన ముఖానికి కొట్టింది. వెనకే వచ్చిన మా ఆవిడ, “ఏమండీ, గ్యాస్ వాసన. స్విచ్చులేవీ ముట్టుకోకండి” అంది. తెలుగునాట వంటింట్లో పెరిగిన ఎవరికైనా నోటికి వచ్చే మాటే అది. కానీ స్విచ్ అప్పటికే పడిపోయింది. వేసింది నా చెయ్యి కూడా కాదు, తలుపు.

అప్పుడు తట్టింది అసలు సంగతి. మూసి ఉన్న లాకర్‌లో లీకైన గ్యాస్ నిండిపోతే, గాలి చాలక అది అంటుకోకపోవచ్చు. తలుపు తెరిచినప్పుడు బయటి గాలి వచ్చి కలుస్తుంది. సరిగ్గా ఆ ఘడియలోనే తలుపు స్విచ్ పడి నిప్పురవ్వ పుట్టే అవకాశం ఉంది. అంటే మీరు పెట్టాలనుకుంటున్న లైటు, అన్ని వేళల్లోకీ చెడ్డ వేళనే ఎంచుకుని వెలుగుతుంది. పైగా తలుపు మూసినా ప్రమాదమే, ఎందుకంటే వెలుగుతున్న సర్క్యూట్ తెగేటప్పుడు కూడా రవ్వ వస్తుంది. బండ వాల్వ్ కుడివైపు తిప్పి కట్టేసి, తలుపు అలాగే తెరిచి ఉంచి, పిల్లల్ని తీసుకుని గాలి వచ్చే వైపు దూరంగా వెళ్ళిపోయాం. వానలో గంటసేపు నిలబడ్డాం. బండి తలుపులన్నీ తెరిచి, వాసన పూర్తిగా పోయాకే లోపలికి వెళ్ళాం. ఆ రాత్రి హీటర్ లేదు, వేడి అన్నం లేదు.

మర్నాడు ఒక గ్యాస్ ఇంజనీరును పిలిపించాం. ఇక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే అర్హత ఉన్న గ్యాస్ ఇంజనీర్ల అధికారిక జాబితాలో, పేరున్నవారినే పిలవాలి. వాళ్ళ కార్డు వెనక్కి తిప్పి చూడండి, ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది. అందులో మోటర్‌హోమ్ ఎల్పీజీ పని ఉండాలి. ఇళ్ళలో బాయిలర్లు చూసేవారందరికీ అది ఉండదు. ఆయన బండలు బయట పెట్టించి, సీసాలో నీళ్ళు తెచ్చి లాకర్ నేల మీద పోశారు. నీళ్ళు కదలలేదు. చిన్న మడుగులా అక్కడే నిలిచిపోయాయి. “గ్యాస్ కూడా ఇలాగే నిలుస్తుంది” అన్నారు.

పాత యజమాని బండలు చప్పుడు చేయకుండా మందపాటి రబ్బరు చాప పరిచారు. అది నేలలోని గాలి రంధ్రాలను పూర్తిగా కప్పేసింది. చాప ఎత్తితే కింద రంధ్రాల జాలీ మట్టితో, కుళ్ళిన ఆకులతో మూసుకుపోయి ఉంది. ఇక ఆ బల్బు వైరు! రెండు కొసలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. టేపు ఊడి, బండ అంచు రాసుకుని, ఒకచోట రాగి తీగ మెరుస్తోంది. దాన్ని తేవడానికి లాకర్ గోడకు ఒక రంధ్రం కొట్టారు. ఇంజనీరు లోపలికి వెళ్ళి సోఫా దిండు ఎత్తి చూపించారు. ఆ రంధ్రం సోఫా కిందికి తేలింది. రాత్రి ఆ సోఫానే మంచంగా పరుచుకుని మా పిల్లలు పడుకుంటారు.

గ్యాస్ లాకర్ గురించి నేను నేర్చుకున్నది ఇదే. అది గ్యాస్ లీక్ కాకుండా ఆపే పెట్టె కాదు. ఎప్పటికైనా లీకవుతుందని ముందే ఒప్పుకుని కట్టిన పెట్టె. లీకైన గ్యాస్ కింది నుంచి బయటికి జారిపోవాలి, ఇంటి భాగంలోకి రాకూడదు, జారిపోయే దారిలో దానికి నిప్పు ఎదురవకూడదు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. అందుకే రంధ్రాలు నేలలో ఉంటాయి. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1949 ప్రకారం కింది రంధ్రాలే ఉన్న లాకర్‌కు, వాటి మొత్తం తెరుపు లాకర్ నేల వైశాల్యంలో కనీసం 2 శాతం ఉండాలి. ఎంత చిన్న లాకరైనా 10,000 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే 10 సెంటీమీటర్లు పొడవు, 10 సెంటీమీటర్లు వెడల్పు ఉన్న కిటికీ అంత. మీరు బిగించబోయే బ్యాటరీ పళ్ళెం ఒక్కటే దాన్ని కప్పేయగలదు.

“కొంచెం లీకైతే ఏమవుతుంది” అనుకునేవారి కోసం ఒక లెక్క చెబుతాను. ఒక కిలో ప్రొపేన్ ఆవిరైతే అర ఘనపు మీటరు దాటుతుంది. గాలిలో అది 2 శాతం దాటితే చాలు, అంటుకుంటుంది. అంటే ఆ ఒక్క కిలో సుమారు 25 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. మోటర్‌హోమ్ లోపలి చోటు మొత్తం దాదాపు అంతే. మా బండలో 6 కిలోలు ఉంది.

నేను విశాఖలో పెరిగాను. 1997 సెప్టెంబరు 14న అక్కడి చమురు శుద్ధి కర్మాగారంలో ఎల్పీజీ లీకై, ఆ మేఘం అంటుకుని దాదాపు 60 మంది చనిపోయారు. అప్పుడు నాది బడికి వెళ్ళే వయసు. గ్యాస్ నేలబారున పాకుతూ నిప్పును వెతుక్కుంటుందని మా నాన్నగారు ఆ వారమంతా చెబుతూనే ఉన్నారు. లాకర్‌లో నీళ్ళు నిలిచినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

ఇక మీ బ్యాటరీ సంగతి. 12 వోల్టులు ముట్టుకున్నా షాక్ కొట్టదు కాబట్టి చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ప్రొపేన్ గాలితో సరైన పాళ్ళలో కలిస్తే, దాన్ని అంటించడానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు శక్తి చాలు. చలికాలంలో తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమనే రవ్వలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. రిలే పడినా, మోటారు తిరిగినా, బిగువు తగ్గిన టెర్మినల్ కదిలినా అంతకంటే పెద్ద రవ్వే వస్తుంది. ఇన్వర్టర్‌లో రిలేలూ ఉంటాయి, ఫ్యానూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బండ నట్టు తిప్పేది ఇనుప స్పానర్‌తో. జానెడు దూరంలో బ్యాటరీ టెర్మినళ్ళు ఉంటే, వాన చీకట్లో చెయ్యి జారి స్పానర్ రెండింటి మీదా అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారతాయి. అదీ మీరు బండ మారుస్తున్నప్పుడే. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ కూడా వదులుతుంది. అది తేలిక, పైకి పోతుంది. నేలలో రంధ్రాలున్న లాకర్ దానికి దారి ఇవ్వదు. లిథియం కొంటానంటారేమో, అప్పుడు హైడ్రోజన్ బెడద తగ్గుతుంది కానీ టెర్మినళ్ళూ స్పానరూ అక్కడే ఉంటాయి.

బ్రిటన్ వైరింగ్ నిబంధన బీఎస్ 7671, మోటర్‌హోమ్‌ల విభాగం 721లో ఈ మాట సూటిగానే ఉంది. గ్యాస్ సరఫరాను నియంత్రించే అతి తక్కువ వోల్టేజీ (12 వోల్టుల లాంటి) పరికరాలు తప్ప, వైర్లతో సహా విద్యుత్ సామగ్రి ఏదీ బండలుండే అరలో ఉండకూడదు. వేరే వైరు తప్పనిసరిగా అటు నుంచి పోవాల్సి వస్తే, దెబ్బలకు తట్టుకునే గొట్టంలోంచి పోవాలి. చలికి రెగ్యులేటర్ గడ్డకట్టకుండా ట్రూమా అమ్మే చిన్న హీటర్, ఒక బండ అయిపోతే రెండో దానికి మార్చే పరికరం తాలూకు సూచిక లాంటివి ఆ మినహాయింపు కిందికి వస్తాయి. వాటిని కూడా తయారీదారు చెప్పినట్టే బిగించాలి.

వెలుతురు కావాలంటే తలకు కట్టుకునే టార్చి కొనుక్కోండి. తలుపు తీయకముందే, రెండడుగులు దూరంగా నిలబడి వెలిగించుకోండి. పని అయ్యాక తలుపు మూసి, దూరం వచ్చాకే ఆర్పండి. ఏళ్ళుగా వేలికి అలవాటైపోయింది, ఇప్పుడు ఆలోచించనక్కరలేదు.

లాకర్ బయట కూడా ఒకసారి పడుకుని చూడండి. కారిన గ్యాస్ బండి కిందికే వస్తుంది కదా, అక్కడ ఏముంది? తర్వాత బిగించుకున్న డీజిల్ హీటర్ పొగగొట్టం చాలా బళ్ళలో లాకర్ రంధ్రాల పక్కనే తేలడం చూశాను. ఉంటే దాన్ని మార్పించండి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైతే, నడుస్తున్నప్పుడు దానిలో చిన్న మంట ఉంటుంది, కాబట్టి బండ మార్చేముందు స్టవ్, హీటర్‌తో పాటు దాన్నీ కట్టేయండి. పెట్రోలు బంకులోకి వెళ్ళేముందూ అంతే. పక్క బండివాళ్ళు మీ లాకర్ ముందు బార్బెక్యూ పెట్టుకుంటే మొహమాటపడకుండా జరపమనండి. లాకర్‌లో ఎక్స్‌టెన్షన్ కేబుల్ చుట్ట, డ్రిల్లు, బొగ్గు, లైటర్ లాంటివేవీ దాచకండి. రవ్వ సంగతి అటుంచితే, అవే రంధ్రాలకు అడ్డం పడతాయి.

మా లీక్‌కు కారణం చెప్పనేలేదు. ఇక్కడి ఎర్ర ప్రొపేన్ బండ నట్టుది ఎడమ మర, మామూలు నట్టుకు వ్యతిరేక దిశలో బిగుస్తుంది. స్పానర్‌తో బిగించాల్సినదాన్ని నేను చేత్తో బిగించి సరిపోయిందనుకున్నాను. రెండొందల మైళ్ళకు పైగా కుదుపులకు అది వదులైంది. ఇప్పుడు బండ తగిలించిన ప్రతిసారీ లీకు చూపే స్ప్రే కొట్టి, బుడగ లేదని నమ్మకం కుదిరేదాకా చూస్తాను. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు వాడొద్దని ఇంజనీరు చెప్పారు, కొన్నిటిలోని రసాయనాలు ఇత్తడిని తింటాయట. బండి కదిలేముందు బండ వాల్వ్ కట్టేస్తాను. ఖాళీ బండ కూడా నిజంగా ఖాళీ కాదు, దానికీ మూత పెట్టి, నిలువుగా బెల్టు కట్టాలి. మన ఊళ్ళో బండకు దారంతో వేలాడే తెల్ల మూత ఉంటుంది చూశారా, దాని పనీ ఇదే.

మీ బ్యాటరీకి మంచి చోటు ముందు సీటు కింద గానీ, బయటికి గాలి గొట్టం ఉన్న సోఫా అరలో గానీ ఉంటుంది. డుకాటోలో ప్రయాణికుడి సీటు కింద చాలామంది పెట్టుకున్నారు. ఆ కొలతలు కావాలంటే విడిగా అడగండి, మాది ఎలా బిగించామో రాస్తాను. అంతకంటే ముందు ఈ శనివారం బండలు తీసి, లాకర్ నేల మీద ఒక చెంబుడు నీళ్ళు పోసి, బండి కింద ఎక్కడ కారాయో, ఎంత సేపటికి కారాయో ఇక్కడ రాయండి.